జెల్లీఫిష్ చుట్టం హైడ్రా: తెగిన తల మళ్లీ మొలవడాన్ని కళ్లారా చూడటం ఎలా

జెల్లీఫిష్ తెగిపోయిన అవయవాన్ని మళ్లీ ఎలా మొలిపించుకుంటుందో తెలుసుకోవాలంటే సముద్రం దాకా వెళ్లక్కర్లేదు. దాని చుట్టం హైడ్రా మన చెరువుల్లో, పంట కాలువల్లో ఉంటుంది. ఇంటర్‌లో బైపీసీ చదివినవాళ్లంతా హైడ్రా బొమ్మ గీసి, భాగాలు గుర్తించి, మార్కులు తెచ్చుకున్నవాళ్లే. ప్రాణంతో ఉన్న హైడ్రాని చూసినవాళ్లు మాత్రం చాలా తక్కువ. కోనసీమలో పిల్లలకు జువాలజీ పాఠాలు చెప్పేదాన్నిగా నాకు బాధనిపించే విషయం ఇదే. ఒక భూతద్దం, ఒక గాజు సీసా, ఒక వారం ఓపిక ఉంటే చాలు. ఎలాగో వివరంగా రాస్తున్నాను.

బీచ్‌లో దొరికే జెల్లీఫిష్‌తో ఈ ప్రయోగం ఎందుకు వద్దంటున్నానో ముందే చెప్పేస్తాను. విశాఖలోనో కాకినాడలోనో ఒడ్డుకు కొట్టుకొచ్చిన జెల్లీఫిష్ చచ్చి పడి ఉన్నా దాని దంశకణాలు ఇంకా పనిచేస్తూనే ఉంటాయి. చెయ్యి పెడితే కుడతాయి. పోనీ జాగ్రత్తగా బకెట్లో ఇంటికి తెచ్చినా అది బతకదు. దానికి సముద్రపు నీరు, ఆ నీరు మెల్లగా గుండ్రంగా తిరిగే ట్యాంకు కావాలి. హైడ్రాకీ దంశకణాలున్నాయి గానీ మన చర్మానికి వాటివల్ల ఏమీ కాదు. గ్లాసెడు నీళ్లలో నెలల తరబడి బతుకుతుంది.

అయినా జెల్లీఫిష్ సంగతి కాస్త తెలిస్తే హైడ్రాలో దేనికోసం చూడాలో అర్థమవుతుంది. జపాన్ తీరంలో క్లాడోనీమా అనే జెల్లీఫిష్ ఉంది, చిటికెన వేలి గోరంత ఉంటుంది. దాని స్పర్శకాన్ని, అంటే వేటను పట్టే దారంలాంటి చేతిని, కత్తిరిస్తే రెండు మూడు రోజుల్లో మళ్లీ వచ్చేస్తుంది. టోక్యో విశ్వవిద్యాలయం పరిశోధకులు 2023లో ప్రచురించిన పనిలో దీని గుట్టు కొంత తేలింది. తెగిన చోట జోరుగా విభజన చెందే కణాల గుంపు ఒకటి చేరుతుంది. దాన్ని బ్లాస్టీమా అంటారు. స్పర్శకం మొదలు దగ్గర ఎప్పుడూ ఉండి కొత్త కణాలను పుట్టించే మూలకణాలు వేరు, గాయమయ్యాకే కనిపించే ఈ కణాలు వేరు. రెండూ కలిసి కొత్త స్పర్శకాన్ని కడతాయి.

మూన్ జెల్లీఫిష్ పిల్లది ఇంకో దారి. దానికి చుట్టూ 8 చేతులుంటాయి. కొన్నిటిని కత్తిరిస్తే కొత్తవి మొలవవు. మిగిలిన చేతులే కండరాల బలంతో ఒకదానికొకటి దూరం జరిగి, మళ్లీ చుట్టూ సమానంగా సర్దుకుంటాయి. అమెరికాలోని కాల్టెక్ వాళ్లు 2015లో దీన్ని బయటపెట్టారు. చేతులు ఒక పక్కకే ఉండిపోతే సరిగ్గా ఈదలేదు, అందుకని దానికి లెక్క కన్నా సమానత్వం ముఖ్యం. ఇలా సర్దుకోలేని పిల్లలు పెద్ద జెల్లీఫిష్‌లుగా ఎదగలేకపోయాయి.

ఒకటి కొత్త కణాలతో కట్టుకుంటుంది, ఒకటి ఉన్నవాటినే సర్దుకుంటుంది. హైడ్రా ఎక్కువగా రెండో దారిలో నడుస్తుంది, కానీ దాన్లో తల నిజంగానే మొలుస్తుంది. నా మటుకు అన్నిటికన్నా పెద్ద ప్రశ్న ఇదీ: తెగిన ముక్కకు తన ఏ కొస పైన, ఏ కొస కింద అన్నది ఎలా తెలుస్తుంది? ఈ ప్రయోగమంతా ఆ ప్రశ్నను మనసులో పెట్టుకుని చేయండి.

హైడ్రాని పట్టుకోవడం

కార్తీకం నుంచి మాఘం దాకా మంచి సమయం. హైడ్రాకి 18 నుంచి 22 డిగ్రీల చల్లని నీరు ఇష్టం. ఎండలు ముదిరాక వెతకడం దండగ. పైగా మా డెల్టాలో వేసవికి కాలువలు కట్టేస్తారు.

నీరు నిలకడగా గానీ, చాలా నెమ్మదిగా పారుతూ గానీ ఉండాలి. మొక్కలుండాలి. మురుగు కలవకూడదు. రొయ్యల చెరువులు, చేపల చెరువుల జోలికి వెళ్లకండి, వాటిలో మందులు పడి ఉంటాయి. పురుగుమందు కొట్టిన చేను పక్క బోదె కూడా పనికిరాదు. తామరలు, కలువలు ఉన్న పాత చెరువు ఒడ్డు, గుడి కోనేరు, కాలువలో నీడ పడే మూల బాగుంటాయి. పిల్లలు గట్టు మీదే ఉండాలి, పెద్దవాళ్లెవరైనా పక్కన లేకుండా నీటి దగ్గరికి వెళ్లకూడదు.

నీళ్లలో హైడ్రా కోసం వెతక్కండి, కంటికి ఆనదు. వెడల్పు మూతి గాజు సీసాలో చెరువు నీళ్లు సగానికి పైగా నింపి, అంతరతామర మొక్క ఒకటి వేళ్లతో సహా, నాచు కొమ్మలు నాలుగు, నీటిలో నానిన తామరాకు ముక్క ఒకటి వేసి తెచ్చుకోండి. వేరే వేరే చోట్ల నుంచి రెండు మూడు సీసాలు తెస్తే దొరికే అవకాశం పెరుగుతుంది. ఏ సీసా ఎక్కడిదో పైన కాగితం అంటించండి.

సీసాలను కిటికీ దగ్గర, నేరుగా ఎండ తగలని చోట పెట్టి కదపకుండా వదిలేయండి. హైడ్రాలు వెలుగు వైపు వస్తాయి. మర్నాటికి కిటికీ వైపు గాజు గోడకు, నీటి పైఅంచుకు దగ్గరగా అంటుకుని ఉంటాయి. సీసా వెనక నల్ల కాగితం పెట్టి, పక్క నుంచి టార్చ్ వేసి, పది రెట్లు పెంచే భూతద్దంతో చూడండి. సన్నని కాడ, చివర నాలుగైదు దారాలు. బాగా సాగినప్పుడు సెంటీమీటరు దాకా ఉంటుంది. రంగు గోధుమ గానీ, తెల్లగా గానీ, పచ్చగా గానీ ఉండవచ్చు. పచ్చగా ఉన్నదాని ఒంట్లో చిన్న ఆల్గే కణాలు కాపురం ఉంటాయి.

వేరు నూగునో నాచు పోగునో చూసి హైడ్రా అనుకోవడం మామూలే. సీసాని వేలితో మెల్లగా తట్టండి. హైడ్రా అయితే చుక్కంత ముద్దగా ముడుచుకుపోతుంది. రెండు మూడు నిమిషాలు ఆగితే కాడ మళ్లీ సాగి, స్పర్శకాలు ఒక్కొక్కటీ విచ్చుకుంటాయి. నూగు అలా చేయదు.

నీరు, తిండి

ఇక్కడ అశ్రద్ధ చేస్తే తర్వాత చేసేదంతా వృథా. మున్సిపాలిటీ కుళాయి నీళ్లు వద్దు, అందులోని క్లోరిన్ హైడ్రాని చంపుతుంది. ఆర్ఓ నీళ్లు శుభ్రమే గానీ వాటిలో ఖనిజాలుండవు, హైడ్రాకి కాల్షియం లేనిదే గడవదు. దొరికిన చెరువు నీళ్లనే పలుచని పాత పంచె గుడ్డను నాలుగు మడతలు వేసి వడకట్టి వాడండి. మందు వేయని నుయ్యి ఉంటే ఆ నీళ్లూ పనికొస్తాయి, అయితే ముందు ఒక్క హైడ్రాని వేసి ఒక రోజు చూడండి. రాగి చెంబులు, రాగి బిందెలు ఈ పనికి అసలు తాకనివ్వకండి. మనకు రాగి పాత్రలో నీళ్లు మంచివని ఇంట్లో పెద్దవాళ్లు ప్రేమగా పోసిచ్చినా వద్దనండి, రవ్వంత రాగి హైడ్రాకి విషం. సబ్బుతో కడిగిన గిన్నె అయితే పదిసార్లు తొలిచి గానీ వాడొద్దు.

డ్రాపర్‌తో గాజు గోడ మీద నుంచి హైడ్రాని మెల్లగా ఊదినట్టు చేస్తే పట్టు వదులుతుంది. పీల్చి తీసి విడి గిన్నెలో వేయండి. తిండికి డాఫ్నియా, సైక్లాప్స్ లాంటి చిన్న నీటి జీవులు కావాలి, అవి కూడా అదే చెరువు నీళ్లలో గెంతుతూ కనిపిస్తాయి. తీరప్రాంతం వాళ్లకు ఇంకో సౌకర్యం ఉంది. రొయ్యల హేచరీల్లో ఆర్టీమియా అనే చిన్న ఉప్పునీటి జీవి గుడ్లు వాడతారు, అక్వేరియం షాపుల్లోనూ అమ్ముతారు. ఉప్పునీటిలో పొదిగించి, బయటికొచ్చిన ఆర్టీమియా పిల్లలను మంచినీటితో బాగా కడిగి హైడ్రాకి పెట్టాలి. ఉప్పు మిగిలితే హైడ్రా తట్టుకోలేదు.

తినేటప్పుడు తప్పకుండా భూతద్దంలో చూడండి. డాఫ్నియా గెంతుతూ వచ్చి స్పర్శకానికి తగిలిన క్షణంలో ఆగిపోతుంది. కాళ్లు కొట్టుకుంటాయి గానీ కదల్లేదు. దంశకణాలు పేలి దానిలోకి దారాలు దిగబడ్డాయన్నమాట. తర్వాత ఆ స్పర్శకం కురచగా అవుతూ నోటి వైపు తెస్తుంది, మిగతావి కూడా వచ్చి చుట్టుకుంటాయి. అంతదాకా ఎక్కడుందో కనబడని నోరు తెరుచుకుని, తన ఒళ్లంత లావున్న డాఫ్నియాను మింగేస్తుంది. ఆ తర్వాత కాడలో ఒక ఉబ్బు, దాని లోపల డాఫ్నియా నల్లటి కన్ను కూడా స్పష్టంగా కనిపిస్తుంది. ఇది చూశాక ఏ పిల్లలకూ హైడ్రా పాఠం మళ్లీ చెప్పనక్కర్లేదు.

రోజు విడిచి రోజు తిండి చాలు. తిన్న కొన్ని గంటలకు మిగులు తీసేసి నీరు మార్చండి. వారం రోజుల్లో పక్క నుంచి మొగ్గలు తొడిగి సంఖ్య పెరుగుతుంది. అప్పుడు ప్రయోగానికి సరిపడా ఉంటాయి.

కోయడం

మొగ్గ లేని, బాగా సాగి ఉన్న హైడ్రాని ఎంచుకోండి. కోయడానికి ముందు ఒక రోజు పస్తు ఉంచాలి. కడుపులో తిండి ఉంటే గాయం లోంచి బయటికొచ్చి నీరు పాడవుతుంది.

గాజు పెట్రీ డిష్ గానీ, చదునైన ప్లాస్టిక్ మూత గానీ తీసుకుని కొద్దిగా నీళ్లు పోసి హైడ్రాని వేయండి. అది ముడుచుకుంటుంది. తొందరపడకండి. మళ్లీ పూర్తిగా సాగేదాకా ఆగాలి. ముడుచుకుని ఉన్నప్పుడు కోస్తే ఎక్కడ కోశారో మీకే తెలియదు. కొత్త బ్లేడు గానీ స్కాల్‌పెల్ గానీ కాడ నడిమికి అడ్డంగా పెట్టి, ఒక్కసారి కిందికి నొక్కండి. రంపంలా ముందుకూ వెనక్కూ లాగొద్దు, కణాలు నలిగిపోతాయి. పిల్లలతో చేస్తుంటే బ్లేడు టీచరు చేతిలోనే ఉండాలి.

పై సగాన్ని ఒక గిన్నెలో, కింది సగాన్ని ఇంకో గిన్నెలో వేయండి. మూడో గిన్నెలో కోయని హైడ్రా ఒకటి ఉంచండి. మూడూ ఒకే నీరు, ఒకే చోటు. మూడో గిన్నెలోదీ నీరసించిందంటే తప్పు కోతలో లేదు, నీటిలోనో వేడిలోనో ఉందని తెలిసిపోతుంది. పగలు వేడెక్కే ఇల్లయితే గిన్నెలను వెడల్పాటి పళ్లెంలో నీళ్లు పోసి అందులో పెట్టి, పైన తడిగుడ్డ కప్పండి.

రెండు ముక్కలూ మొదట గింజంత ముద్దలైపోతాయి. "మేడమ్, చచ్చిపోయిందా?" అని ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడుగుతారు, కొందరికి కళ్లలో నీళ్లు కూడా తిరుగుతాయి. చావలేదు. కొన్ని గంటల్లో కోసిన చోట అంచులు దగ్గరికొచ్చి మూసుకుపోతాయి. ముక్క మళ్లీ కొద్దికొద్దిగా సాగుతుంది. ఆ రోజుకు ఇక కనిపించే మార్పు ఉండదు.

పై సగానికి తల ఉంది, పాదం కావాలి. దానికది సులువు. దాదాపు ఒకటిన్నర రోజులో కింది కొస జిగురుగా తయారై గిన్నెకు అతుక్కుంటుంది. డ్రాపర్‌తో మెల్లగా నీళ్లు కొట్టి చూడండి, కొట్టుకుపోకుండా నిలబడితే పాదం వచ్చినట్టే.

అసలు చూడాల్సింది కింది సగాన్ని. రెండో రోజు పొద్దున్నుంచీ మూడు నాలుగు గంటలకోసారి చూడండి. కోసిన కొస నున్నగా గుండ్రంగా ఉంటుంది. తర్వాత ఆ గుండ్రం చుట్టూ చిన్న చిన్న బొడిపెలు లేస్తాయి, టార్చ్ పక్క నుంచి వేస్తేనే కనబడతాయి. అన్నీ ఒకేసారి రావు. రెండు ముందు, ఎదురెదురుగా గానీ కాస్త పక్కపక్కగా గానీ. వాటి మధ్య ఖాళీల్లో మిగతావి. చల్లగా ఉంటే ఆలస్యంగా, వెచ్చగా ఉంటే త్వరగా వస్తాయి. అందుకే గది ఉష్ణోగ్రత కూడా రాసుకోమంటాను. మూడో రోజుకు బొడిపెలు దారాలవుతాయి. అప్పుడు ఒక చిన్న డాఫ్నియాని వేయండి. పట్టుకుని మింగిందంటే స్పర్శకాలు, దంశకణాలు, నోరు, వాటిని నడిపే నాడులు అన్నీ సిద్ధమయ్యాయన్నమాట. అంతకుముందు తిండి వేయకండి, నోరు లేనిది తినలేదు, నీరు మాత్రం కుళ్లుతుంది.

కొత్తగా తయారైన రెండూ మొదటిదానికంటే చిన్నగా ఉంటాయి. ఇది గమనించడం చాలా ముఖ్యం. మూన్ జెల్లీఫిష్ పిల్ల ఉన్న చేతులనే సర్దుకున్నట్టు, హైడ్రా ఉన్న కణాలనే కొత్త పనుల్లోకి మార్చుకుని చిన్న సైజులో సంపూర్ణంగా తయారవుతుంది, పెరగడం తిండి దొరికాకే.

ఏ కొస తల?

ఇంకో హైడ్రాని మూడు ముక్కలు చేయండి. తలా పాదం లేని నడిమి ముక్కను విడిగా పెట్టండి. దాని రెండు కొసలూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, ఏది పైనో మీరు గుర్తుపట్టలేరు. ముక్క మాత్రం పొరబడదు. ఇంతకుముందు తల వైపున్న కొసలోనే తల, పాదం వైపున్న కొసలోనే పాదం వస్తాయి.

కారణం ఇది. తలలో వింట్ అనే సంకేత ప్రోటీన్లు తయారవుతుంటాయి. అక్కడి కణాలు "ఇక్కడ తల ఉంది" అనే కబురుతో పాటు, కింది కణాలను ఇంకో తల పెట్టకుండా ఆపే కబురు కూడా పంపుతుంటాయి. తల కట్టగలిగే శక్తి కాడ పొడవునా ఉంటుంది, కానీ పైన ఎక్కువ, కిందికి పోయేకొద్దీ తక్కువ. తల తెగిపోగానే ఆపే కబురు ఆగిపోతుంది. ముక్కలో ఆ శక్తి ఎక్కువున్న కొస ముందుగా తల కడుతుంది, కట్టి మిగతా భాగాన్ని ఆపుతుంది. దీన్ని మీరే పరీక్షించవచ్చు. ఒక హైడ్రాని తలకు కాస్త కిందుగా, ఇంకోదాన్ని పాదానికి దగ్గరగా కోసి, రెండింటిలోనూ తల ఎప్పుడొచ్చిందో గంటలు రాయండి. పాదానికి దగ్గరగా కోసినదానికి ఎక్కువ సమయం పడుతుంది.

1909లో ఎథెల్ బ్రౌన్ అనే అమెరికన్ విద్యార్థిని నోటి దగ్గరి ముక్కను తీసి ఇంకో హైడ్రా కాడకు అతికించింది. అక్కడ రెండో తలతో సహా కొత్త కాడ మొలిచింది. తన చుట్టూ ఉన్న కణాలకు పని పురమాయించే ముక్క ఒకటి ఉంటుందని ఆమె చూపించింది. న్యూట్ అనే బల్లిలాంటి ఉభయచర జీవి పిండాల్లో ఇలాంటి సంగతి బయటపడి పేరు మారుమోగింది 1924లో, ఆ తర్వాత నోబెల్ కూడా వచ్చింది. ఎథెల్ బ్రౌన్ పేరు మాత్రం పాఠాల్లో కనబడదు. నేను చెప్పే ప్రతి క్లాసులోనూ ఆ పేరు బోర్డు మీద రాస్తాను.

స్పర్శకాన్ని ఒక్కదాన్నే కోసి పెడితే హైడ్రా అవుతుందా అని కూడా పిల్లలు అడుగుతారు. కాదు. ఆ కణాలు తమ పనికి పూర్తిగా స్థిరపడిపోయాయి, ఆ ముక్క కొన్నాళ్లకు కరిగిపోతుంది. స్పర్శకం పోయిన హైడ్రా మాత్రం దాన్ని మళ్లీ పెంచుకుంటుంది.

ఈ కోత మొదట కోసినది అబ్రహం ట్రెంబ్లీ, 1740లో, హాలండ్‌లో. ఓ పెద్దింటి పిల్లలిద్దరికి పాఠాలు చెప్పే ఉద్యోగం ఆయనది. కాలువ నీళ్లలో పచ్చగా కనిపించినది మొక్కో జంతువో తేల్చుకోలేక, మొక్క అయితే ముక్కలు బతుకుతాయి కదా అని కోశాడు. రెండు ముక్కలూ బతికాయి, కానీ అవి నడిచాయి, వేటాడి తిన్నాయి. తలను నిలువుగా చీల్చి ఏడు తలల హైడ్రాని కూడా తయారుచేశాడు. ఆయన దగ్గరా మన దగ్గర ఉన్నలాంటి భూతద్దాలు, గాజు సీసాలే. మన దేశంలో పుణెలోని అగార్కర్ పరిశోధన సంస్థలో హైడ్రా మీద చాలా ఏళ్లుగా పని జరుగుతోంది, ఈ దారిలో చదవాలనుకునే పిల్లలకు ఆ సంగతి తప్పక చెప్పండి.

నీరసిస్తే

స్పర్శకాలు కురచై మొద్దుల్లా మారి, ఒళ్లు ముడుచుకునే ఉంటే వేడి గానీ, ఎక్కువ తిండి గానీ, పాత నీరు గానీ కారణం. చల్లని కొత్త నీటిలోకి మార్చి రెండు రోజులు తిండి ఆపండి, చాలావరకు కోలుకుంటాయి. చుట్టూ తెల్లని నూగులా బూజు పడితే ఆ ముక్కను వెంటనే వేరుచేసి, మిగతావాటికి నీటిని గిన్నెతో సహా మార్చండి.

హైడ్రాకి మెదడు లేదు, ఒళ్లంతా పరుచుకున్న నాడీ వల మాత్రమే ఉంది. అయినా చూడాల్సినదానికి మించి ఒక్క కోత కూడా కోయనివ్వను. పని అయ్యాక మిగిలిన హైడ్రాలను ఏ చెరువు నుంచి తెచ్చారో అక్కడే వదలండి, సీసా మీద కాగితం అంటించమన్నది అందుకే. వేరే స్కూలుకు ఇవ్వాలనుకుంటే ముందురోజు తిండి ఆపి, సీసాలో సగం నీళ్లు, సగం గాలి ఉండేలా మూత బిగించి, తడిగుడ్డ చుట్టి పొద్దున్నే మొదటి బస్సులో పంపండి. అక్కడివాళ్లు కూడా సీసాని మర్నాటిదాకా కదపకుండా ఉంచాలని ఫోన్ చేసి చెప్పండి.